నాంచారి దిక్కు

అనగనగా ఒక కాలం. ఎంత పాత కాలమంటే, మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ ఈ కథ చెప్పినప్పటికే ఇది పాతది. నాకు దిక్కులు తెలియవని ముందే ఒప్పుకుంటున్నాను. పెళ్ళి భోజనానికని బయల్దేరి, పక్క ఊళ్ళో ఎవరిదో పెద్దకర్మకి తిని వచ్చినవాణ్ణి. వడలు మాత్రం బాగున్నాయి. దారి తప్పినవాళ్ళ కథ చెప్పడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఆ కాలంలో ఒకచోట విస్తారంగా నీళ్ళుండేవి. చెరువంటే చిన్నబుచ్చుకునేవి, సముద్రమంటే సిగ్గుపడేవి. ఆ నీళ్ళ నడుమ ఒక లంక. లంక మీద నలభై గుడిసెలు. గుడిసెకో తాటిదోనె. చుట్టూ మనిషెత్తు జమ్ముగడ్డి. చేపలు లంక దగ్గర, బియ్యం ఉత్తరపు గట్టు మీద. చేపలు తీసుకెళ్ళి ఇచ్చి బియ్యం తెచ్చుకునేవాళ్ళు.

మామూలు రోజుల్లో అది పెద్ద పని కాదు. పుష్యమాసం వస్తేనే చిక్కు. మంచు దిగేది. దిగితే మూడు వారాలు లేచేది కాదు. దోనె నెట్టేవాడికి తన గెడ కొస తనకే కనిపించేది కాదు. మూడు వారాలు అన్నం లేకుండా ఎవరుంటారు? వెళ్ళేవాళ్ళు. ఏటా ఒక దోనె వెళ్ళేది, తిరిగి వచ్చేది కాదు.

ఆ లంకకి ఏడాదికోసారి పూసల నాంచారి వచ్చేది. తలమీద బుట్ట. బుట్టలో పూసలు, దువ్వెనలు, కాటుక భరిణెలు, సూదులు, దబ్బనాలు. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఇల్లు లేదు. అరికాళ్ళు మాత్రం రెండున్నాయి, అవి ఒకచోట ఆనేవి కావు. బేరం చేస్తున్నప్పుడు కూడా ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూనే ఉండేది.

"కూర్చోవే నాంచారీ, గుక్కెడు గంజి తాగి వెళ్దువు," అనేది సింగమ్మ.

"కూర్చుంటే తుప్పు పడతాను వదినా," అనేది నాంచారి. గంజి నిలబడే తాగేది. గిన్నె ఇచ్చేసరికి సగం వీధి దాటేది.

ఈ సింగమ్మకి ఒక్కగానొక్క కొడుకు పోలయ్య. వాడి ముందు ముగ్గురు పుట్టి పోయారు. పోలయ్య పుట్టిన రోజున అత్తగారు సింగమ్మ ఎడమ చేతికి ఇనుప కడియం తొడిగింది. ఇనుము ఉన్నచోటికి గాలీ ధూళీ రావని ఆవిడ నమ్మకం. పోలయ్య బతికాడు. సింగమ్మ ఆ కడియం మళ్ళీ తియ్యలేదు.

ఒక ఏడు నాంచారి వచ్చేసరికి మంచు అప్పుడే దిగుతోంది. పోలయ్య చేపల బుట్టలు దోనెలో సర్దుతున్నాడు. సింగమ్మ రేవులో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

"ఎందుకు వదినా ఆ ఏడుపు? వాడు పోయాక ఏడుద్దువుగాని," అని నాలుక్కరుచుకుంది నాంచారి. "నా నోరు నా కాళ్ళకన్నా ముందు నడుస్తుంది. ఏమనుకోకు. ఒక గిన్నెడు నీళ్ళు పట్రా."

కంచు గిన్నెలో నీళ్ళు వచ్చాయి. నాంచారి బుట్ట అడుగునుంచి ఒక నల్లరాయి తీసింది. అది సూదంటురాయి. సూదులు ఇసుకలో ఒలికిపోతే ఆ రాయి ఇసుకలో ఆడించేది, సూదులన్నీ చీమల్లా దానికి అంటుకు వచ్చేవి. ఇప్పుడు ఒక్క సూదిని తీసుకుని ఆ రాయి మీద రుద్దింది. ఒక వైపుకే రుద్దింది. చివరిదాకా వెళ్ళడం, ఎత్తడం, మళ్ళీ మొదటినుంచి వెళ్ళడం. అలా ముప్పైసార్లు.

"ముందుకీ వెనక్కీ రుద్దితే తొందరగా అవుతుంది కదా అత్తా," అన్నాడు పోలయ్య.

"అవుతుంది. దానికి బుర్ర తిరిగి ఏ దిక్కూ తెలియకుండా అవుతుంది. దీనికి వెళ్ళడమే నేర్పాలిరా, వెనక్కి రావడం నేర్పకూడదు. నాకు నేర్పినట్టు."

వేలెడు జీలుగు బెండు మీద సూదిని పెట్టి నీళ్ళలో వదిలింది. సూది వణికింది. తిరిగింది. ఆగింది.

లంక పెద్ద గంటయ్య మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "ఏంటే గారడీ? నేను తిప్పుతాను, చూడు." వేలితో తూర్పుకి తిప్పాడు. సూది వణికింది. తిరిగింది. మళ్ళీ ఉత్తరానికే వచ్చి ఆగింది. పడమటికి తిప్పాడు. అంతే. దక్షిణానికి తిప్పి, పారిపోకుండా కాసేపు కాపలా కాసి మరీ వదిలాడు. అంతే.

"ఉత్తరమే ఎందుకే?" అన్నాడు గంటయ్య.

"నాకేం తెలుసు? దానికి అటు పుట్టిల్లుందేమో. నాకు ఏ దిక్కునా లేదు కాబట్టి అన్ని దిక్కులా తిరుగుతున్నాను."

ఉత్తరం చూసే కొసకి కుంకుమ అంటించింది. పోలయ్య చేతిలో గిన్నె పెట్టింది. "ఎర్ర కొస ఎటుంటే దోనె ముక్కు అటుంచు, గట్టు చేరతావు. తోక ఎటుంటే అటు తిప్పు, ఇంటికొస్తావు. ఇంతే. ఇక మూడు మాటలున్నాయి, అందరూ వినండి. ఒకటి, సూదిని నిప్పుకి చూపించకండి. కాలితే అంతా మరిచిపోతుంది. రెండు, దేనికేసీ కొట్టకండి. దెబ్బ తింటే మరిచిపోతుంది. మూడు..."

అవతలి లంక దోనె కదులుతోందని ఎవరో కేకేశారు. నాంచారి కాళ్ళు అప్పటికే రేవు వైపు తిరిగాయి. పోతూ పోతూ ఆవిడ చెయ్యి మాత్రం అలవాటు మానలేదు. బుట్టలోంచి ఒక గుర్రపు నాడా తీసి సింగమ్మకి అంటగట్టి, రెండు ఎండుచేపలు పుచ్చుకుంది. "జతలో ఒకటి నీకు వదినా. దిష్టికి మంచిది!"

"మూడో మాట ఏంటే?"

"వచ్చే ఏడు చెబుతా! నిలబడితే కూడా తుప్పు పడతాను!" అని దోనెలోకి దూకింది.

మాట నోట్లో ఉండిపోయింది. నాడా చేతులు మారింది. అంతే జరిగింది. అదే జరక్కూడనిది.

ఆ ఏడు మంచులో పోలయ్య సూది పట్టుకుని వెళ్ళాడు, బియ్యంతో వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. లంకలో దోనెలన్నీ వాడి వెనకే వరస కట్టి వెళ్ళాయి. ఆ ఏడు ఎవరూ తప్పిపోలేదు. లంక లంకంతా సూదికి పసుపు రాసింది, కొబ్బరికాయ కొట్టింది. నిప్పుకి చూపించలేదు. దేనికేసీ కొట్టలేదు. చెప్పిన రెండు మాటలూ చక్కగా పాటించారు.

మరుసటి ఏడు మంచు ముందే దిగింది. నాంచారి ఇంకా రాలేదు.

"ఇంత మంచి సూదికి దిష్టి తగలదా?" అనుకుంది సింగమ్మ. దోనెలో గిన్నెకి కాస్త ముందు, కుడిచేతి పక్కన, శుభమని, ఒక ఇనుప మేకు పెట్టింది. ఆ రోజు పోలయ్య గట్టు చేరాడు గాని రేవుకి కాస్త తూర్పున తేలాడు.

"చూశారా? దిష్టి తగలనే తగిలింది," అంది సింగమ్మ. మేకు పక్కన ఒక విరిగిన కొడవలి పెట్టింది. ఆ రోజు పోలయ్య ఇంకా తూర్పున తేలాడు. గట్టు వెంబడి సగం పూట నడిచి రేవుకొచ్చాడు.

"పాపిష్టి కళ్ళు, ఎంత దిష్టి పెడుతున్నాయో!" అంది సింగమ్మ. ఇంటి గుమ్మానికున్న గుర్రపు నాడా పీకి, మేకు పక్కన, కొడవలి పక్కన అదీ పెట్టింది.

ఆ రోజు పోలయ్య ఎక్కడా తేలలేదు. ఆ పూట వెళ్ళింది వాడి దోనె ఒక్కటే, ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు అందులో.

మూడో రోజు నాంచారి వచ్చింది. మంచులో ఒక్కతే, తన చిన్న దోనె తనే నెట్టుకుంటూ, సూది తోక చూసుకుంటూ తిన్నగా రేవుకొచ్చింది. "సూదులోయ్, పూసలోయ్" అని అరిచింది.

"వచ్చావా?" అన్నాడు గంటయ్య. "మా పోలయ్యని నీ సూది మింగేసింది. ముగ్గుర్ని మింగింది. ఇంకా ఏం అమ్ముకోడానికొచ్చావు?"

నాంచారి తనమీద తనే ఏదో హాస్యం ఆడబోయింది. మానుకుంది. బుట్ట దోనెలోనే వదిలేసి, గిన్నె తీసుకుని సింగమ్మ వాకిట్లోకి వెళ్ళింది. తన సూదిని నీళ్ళలో వదిలింది. సూది వణికింది. తిరిగింది. ఆగింది. ఉత్తరమే.

"సూది మంచిదే," అంది.

లోపల్నుంచి సింగమ్మ వచ్చింది. మూడు రోజులుగా తినలేదు, నడక తూలుతోంది. గిన్నె పక్కన కూలబడి ఎడమ చెయ్యి నేలమీద ఆనించింది.

సూది వణికింది. తిరిగింది. సింగమ్మ వైపు ఆగింది.

గంటయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"నన్నే చూపిస్తోంది," అంది సింగమ్మ నెమ్మదిగా. "వీడి ముందు పుట్టిన ముగ్గుర్ని తిన్నాను. నాలుగోవాణ్ణీ నేనే తిన్నానని చెబుతోంది."

"నోర్ముయ్ వదినా. ఆ చెయ్యి తియ్యి." సూది ఉత్తరానికి పోయింది. "కుడి చెయ్యి పెట్టు." సూది కదల్లేదు. "ఎడమది పెట్టు." సూది ఆవిడ మణికట్టు వైపు తిరిగింది. నాంచారి ఆ కడియం చూసింది. చూసి తల బాదుకుంది.

"నిన్ను కాదే వదినా, నీ కడియాన్ని చూపిస్తోంది. నేను చెప్పకుండా పోయిన మూడో మాట ఇదే. సూది దగ్గర ఇనుము ఉంచకూడదు. ఇనుము కనిపిస్తే అది ఉత్తరాన్ని వదిలి దాని మొహం చూస్తుంది. నా బుట్టలో కత్తెర ఉంటేనే వంకర చూసేది, అందుకే బుట్ట దోనె ఆ కొసన పెట్టుకుంటాను. పోలయ్య దోనెలో ఏమన్నా ఇనుము పెట్టారా?"

సింగమ్మ వేళ్ళు మడిచింది. "మేకు. కొడవలి. నువ్విచ్చిన నాడా."

"ఒక్క మాట చెప్పిపోవడానికి నీ కాళ్ళకి తీరిక లేకపోయిందా?" అన్నాడు గంటయ్య.

"లేకపోయింది," అంది నాంచారి. "నాడా అమ్మడానికి ఉంది. తిట్టేది దోనెలో తిడుదువుగాని. గెడ తీసుకో. మేకొకటి, కొడవలొకటి పట్రండి. ఆ నాడాకి జత నా బుట్టలోనే ఉంది. అవి ఎక్కడ పెట్టావో, ఎంత దూరంలో పెట్టావో వచ్చి సరిగ్గా అట్లాగే పెట్టు వదినా."

"మతి పోయిందా? ఇనుము ఉంటే దారి తప్పుతుందని ఇప్పుడేగా చెప్పావు!" అన్నాడు గంటయ్య.

"తప్పుతుంది. తప్పుదాం. పోలయ్య ఎట్లా తప్పాడో అట్లాగే తప్పుదాం. తిన్నగా వెళ్తే గట్టు దొరుకుతుందయ్యా, పోలయ్య దొరకడు."

గంటయ్య గెడ అందుకున్నాడు.

సింగమ్మ తనూ వస్తానంది. దోనెలో మేకు పెట్టింది, కొడవలి పెట్టింది, నాడా పెట్టింది. జానతో కొలిచి పెట్టింది. అప్పుడు నాంచారి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"కడియం తీసి ఎక్కు."

"వాడు పుట్టిన రోజు వేసింది. తీస్తే, వాడికి..."

"వదినా, ఇన్నేళ్ళూ అది వాణ్ణి కాచిందో లేదో నాకు తెలియదు. ఈ పూట వాడి తప్పొక్కటే మనకి కావాలి. దానికి నీ తప్పు కలిపితే ముగ్గురం ఇంకెక్కడో తేలతాం."

సింగమ్మ ఆముదం తెమ్మంది. ఆముదం రాసినా కడియం సులువుగా రాలేదు. చర్మం గీరుకుంటూ, ఎముక మీంచి జారుకుంటూ వచ్చింది. కడియం ఉన్నచోట చెయ్యి తెల్లగా, పసిపిల్ల చెయ్యిలా ఉంది. కడియాన్ని రేవులో రాతి మీద పెట్టి, వెనక్కి చూడకుండా దోనె ఎక్కింది.

దోనె కదిలింది. ఎర్ర కొస ఎటు చూపిస్తే ముక్కు అటు. అది ఉత్తరం కాదని ముగ్గురికీ తెలుసు. తెలిసి తెలిసి తప్పుదారిన వెళ్ళడం ఎంత కష్టమో నన్నడిగితే చెప్పలేను. నేనెప్పుడూ తెలియకుండానే వెళ్ళాను.

నాంచారి గిన్నె ముందు గొంతుక్కూర్చుంది. మోకాలు ఆడుతోంది. మోకాలు ఆడితే దోనె ఆడింది. దోనె ఆడితే సూది ఆడింది.

"కుదురుగా కూర్చోవే! ఎటని నెట్టను?" అని అరిచాడు గంటయ్య.

నాంచారి రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుంది. కాలి వేళ్ళు ఆడాయి. వేళ్ళు ముడుచుకుంది. నాలుక ఆడింది. "తుప్పు పడతానేమో వదినా."

"పట్టనీ. ఒడ్డుకి వెళ్ళాక చింతపండేసి తోముతాను. కదలకు."

నాంచారి కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక కదలకపోవడం అదే మొదలు. ఒక జాము గడిచింది. ఇంకో జాము గడిచింది. సూదితో పాటు ఆవిడా వణికింది, ఆవిడా ఆగింది. మంచులో నల్లగా జమ్ము అడ్డొచ్చింది. గట్టు కాదు, గట్టు జాడా కాదు. తూర్పు జమ్ము. అందులోకి ఏ దోనే వెళ్ళదు.

సింగమ్మ లేచి నిలబడింది. "పోలయ్యా!" అంది. పలుకు లేదు. "ఒరే పోలయ్యా!" నీటికోడి ఒకటి ఎగిరిపోయింది. మూడోసారి నాంచారి పిలిచింది, వీధులన్నీ తిరిగి అరిచిన గొంతుతో. "సూదులోయ్! పూసలోయ్!"

జమ్ములోంచి బొంగురు గొంతు వచ్చింది. "అత్తా! నీ సూదికి పిచ్చెక్కింది! ఎటు తిప్పినా ఈ జమ్ములోకే తెస్తోంది!"

"దానికి కాదురా, నాకు," అంది నాంచారి. అని ఏడ్చింది.

ముగ్గురూ ఉన్నారు. తామరదుంపలు నమిలి ఉన్నారు, పెదాలు పగిలి ఉన్నారు, కానీ ఉన్నారు. సింగమ్మ కొడుకు మొహం తడిమింది, కడియం లేని చేత్తోనే. వాడికేమీ కాలేదు. ఆ చేతిని తిప్పి ఒకసారి చూసుకుంది.

నాంచారి రెండు దోనెల్లోని ఇనుమూ తీసింది. మేకులు నీళ్ళలో పడేసింది. కొడవళ్ళు పడేసింది. నాడాలు, జత జతా, పడేసింది. సూది వణికింది. తిరిగింది. ఆగింది. ఉత్తరం పట్టుకుని వెళ్ళారు. గట్టు తగిలింది. గట్టు వెంబడి పడమటికి వెళ్ళి రేవు చేరారు, బియ్యం ఎక్కించుకున్నారు, సూది తోక పట్టుకుని ఇంటికొచ్చారు.

నాంచారి ఆ లంకలో మూడు రోజులుంది. నలభై గుడిసెలకీ వెళ్ళింది. ప్రతి గుడిసెలోనూ కూర్చుంది. మూడో మాట చెప్పింది, వాళ్ళచేత మూడేసిసార్లు చెప్పించుకుంది. ఊయల్లో పసివాడు ఊ కొడితే గాని అక్కణ్ణుంచి లేవలేదట. నాలుగో రోజు పొద్దున్న చూస్తే లేదు.

ఆ తర్వాత ఏటా వచ్చేది. దోనె దిగకుండానే అరిచేది: "ముందు మూడోది వినండి! ఒకటీ రెండూ తర్వాత!" గంటయ్య, "ఇదిగో వచ్చింది తలకిందుల లెక్క," అని నవ్వేవాడు. కాని చెప్పులకున్న ఇనుప చీలలు చూసుకుని నాలుగడుగులు అవతల నిలబడేవాడు. సింగమ్మ గంజి ఇచ్చేది. నాంచారి నిలబడే తాగేది.

చాలా ఏళ్ళయింది. ఒక పుష్యమాసం, మంచులోంచి నాంచారి దోనె వచ్చి తిన్నగా రేవుకి తగిలింది. అరుపు లేదు. వెళ్ళి చూశారు. బుట్ట ఆ కొసన ఉంది. గిన్నె ఈ కొసన ఉంది. గెడ ఒళ్ళో పెట్టుకుని నాంచారి కూర్చుని ఉంది. ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది. కాళ్ళు కదలడం లేదు. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. గిన్నెలో సూది వణుకుతోంది.

ఒడ్డున పడుకోబెట్టారు. ప్రాణం పోయినవాళ్ళ తల దగ్గర ఇనుము పెట్టడం అక్కడ ఆచారం. ఎవరో అలవాటుగా కొడవలి తెచ్చారు. ముసలి సింగమ్మ తన బోసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇనుము తియ్యండి. నాంచారి దారి తప్పుతుంది."

కొడవలి తీసేశారు. ఇళ్ళల్లోంచి ఇనుమన్నదల్లా తెచ్చి దూరంగా కుప్పపోశారు. నల్లరాయి లంకలో ఉండిపోయింది. సింగమ్మ కోడలి చేతికొచ్చింది, ఆమె కోడలి చేతికి వెళ్ళింది.

ఇప్పటికీ ఆ నీళ్ళ మీద మంచు దిగితే, దోనె నెట్టబోయే ముందు "ఇనుము దించండి!" అని ఒక కేక వినిపిస్తుంది. కత్తులు, కడియాలు, తాళంచెవులు ఒడ్డున కుప్ప పడతాయి. అక్కడ ఉత్తరాన్ని ఉత్తరం అనరు, నాంచారి దిక్కు అంటారు. నేనూ ఓసారి ఆ దిక్కు పట్టుకుని వెళ్దామని సూదీ గిన్నే తీసుకుని బయల్దేరాను. నడుముకి మా ఇంటి తాళంచెవుల గుత్తి ఉంది. ఎక్కడ తేలానో అడక్కండి, అక్కడా వడలు బాగున్నాయి.

ఆ లంకలో మాత్రం ఎవరు పోయినా తల దగ్గర ఇనుము పెట్టరు. దీపం పెడతారు, గిన్నెడు నీళ్ళు పెడతారు. ఇంట్లో అందరికన్నా పెద్దామె చేతులు, మెడ, నడుము తడుముకుని చూసుకుని, అప్పుడు దగ్గరికొచ్చి పోయినవాళ్ళ చెవిలో చెబుతుంది: "అన్నీ తీసేశాం. ఇక తిన్నగా వెళ్ళు."

గిన్నెలో సూది వణుకుతుంది. తిరుగుతుంది. అది ఆగేదాకా అక్కణ్ణుంచి ఎవరూ కదలరు.